తాళం లోపల, చెప్పులు ఒడ్డున

కారు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసింది హెలెన్. తాళం చెవి స్టీరింగు పక్కన బెజ్జంలోనే ఉంది. దానికి తగిలించిన వెంకన్న బిళ్ళ నిక్షేపంగా వేలాడుతోంది. ముందు సీట్లో సెల్‌ఫోను, డ్యాష్‌బోర్డు మీద కళ్ళజోడు డబ్బా, దాని పక్కన అరచేతిలో పట్టే అట్టపెట్టె, వెనక సీట్లో నీలం రంగు ఫ్లాస్కు. అన్నీ ఉన్నాయి. నాలుగు తలుపులూ బిగుసుకుని ఉన్నాయి. తాళం లోపల వదిలేసి బయట ఇరుక్కుపోయిన పెద్దమనిషి ఒక్కడే లేడు.

టైము తొమ్మిదీ నలభై. ఆ మనిషి ఒంట్లోకి ఇన్సులిన్ వెళ్ళి ఇరవయ్యారు గంటలు దాటింది.

"ఏంటి మేడమ్, అద్దంలో మొహం చూసుకుంటున్నారా?"

వెనకనుంచి సి.ఐ. జగన్నాథరావు. ఒక చేతిలో కొబ్బరిబోండాం, ఇంకో చేతిలో చేతిరుమాలు. ఆయనకి హెలెన్ని చూస్తేనే ఒళ్ళు మంట. మూడేళ్ళ కిందట ఆయన ప్రమాదం అని రాసేసి చేతులు దులుపుకున్న లారీ దహనం కేసుని, అప్పట్లో ఇన్సూరెన్సు కంపెనీలో బళ్ళ క్లెయిములు చూసే హెలెన్ తిరగదోడి, తగలబెట్టింది ఓనరేనని తేల్చింది. ఆ తర్వాత ఆవిడ ఉద్యోగం మానేసి తెనాలిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఆ కేసుని ఆవిడ మర్చిపోయిందేమోగానీ ఆయన మర్చిపోలేదు.

"నా మొహం ఇంటిదగ్గర అద్దంలో కూడా ఇలాగే ఉంటుంది సార్," అంది హెలెన్ వెనక్కి తిరక్కుండానే. "కారు ఇంకా ఎందుకు తెరవలేదు?"

"తెరిస్తే ఏమొస్తుంది? మనిషి డిక్కీలో లేడుగా. వెనకద్దంలోంచి మా వాళ్ళు చూశారు." బోండాంలో చివరి గుక్క జుర్రున పీల్చాడాయన. "నేను చెప్తాను వినండి. సర్వేయరు బాలకృష్ణ, వయసు యాభై ఒకటి. మడ అడవి ఎక్కడిదాకా, రొయ్యల చెరువులు ఎక్కడిదాకా అని కోర్టు తరఫున గీత గీస్తున్నాడు. నిన్న పొద్దున ఇక్కడికొచ్చాడు. ఏదో సామాను దించుకుంటూ తాళం లోపలే ఉంచి తలుపేశాడు. కారు లాకైపోయింది. షుగరు మనిషి, కళ్ళు తిరిగాయి. సాయం కోసం అడివిలో పడి నడిచాడు. సాయంత్రం పోటు నీళ్ళొచ్చి లాక్కెళ్ళిపోయాయి. పడవేసుకుని మా వాళ్ళు ఆరింటినుంచీ సముద్రం మొగదాకా గాలిస్తున్నారు. శవం తేలుతుంది, కేసు తేలుతుంది."

నాలుగడుగుల దూరంలో గొడుగు కింద నిలబడ్డ రాధారాణికి ఆ మాట వినపడింది. ఆవిడ బాలకృష్ణ భార్య, బాపట్లలో హైస్కూలు టీచరు. రాత్రి ఫోను చేసి హెలెన్‌ని రప్పించింది ఆవిడే. గొడుగు చేతిలోంచి జారిపోయింది. దాన్ని తీసుకోవాలని కూడా ఆవిడకి తోచలేదు.

హెలెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "కాస్త నోరు మెత్తగా వాడండి సార్. ఆవిడింకా బొట్టు పెట్టుకునే ఉన్నారు."

కాలు కాలిన పిల్లిలా కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. హెలెన్ తీరే అంత. కుదురుగా నిలబడి ఆలోచించడం చేతకాదు. రేపల్లె పాసింజర్లో కూడా తెనాలి నుంచి సగం దూరం తలుపు దగ్గర నిలబడే వచ్చింది. రేపల్లె నుంచి ఆటోలో గంట. తారు రోడ్డు అయిపోయాక చెరువుల గట్టు, గట్టు అయిపోయాక బురద బాట, బాట అయిపోయాక ఇదిగో, ఈ పాయ ఒడ్డున ఈ తెల్ల మారుతి. ఎటు నడిచినా ఆరు కిలోమీటర్లలోపు ఇల్లనేది లేదు.

లాకు ఎలా పడిందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాతకాలం మారుతిలో తలుపు మీది బొడిపె నొక్కి, బయటి పిడి ఎత్తిపట్టి మూస్తే చాలు, తాళంతో పని లేకుండా లాకైపోతుంది. ఏళ్ళ తరబడి చెయ్యి అలవాటు పడిపోతే మెదడుని అడగదు. అందుకే ఈ లాకు పడటంలో మోసం ఉందని ఆవిడ అనుకోవడం లేదు. మోసమంటూ ఉంటే ఆ తర్వాతే.

"రాధారాణి గారూ, నిన్నటి ఫోను ఇంకొక్కసారి చెప్పండి. టైములతో."

రాధారాణి గొంతు సవరించుకుంది. "ఏడున్నరకి సూది వేసుకుని, టిఫిన్ తిని బయల్దేరారండి. పదకొండూ ఇరవైకి ఏదో కొత్త నెంబరు నుంచి ఫోను. ఆయనే. 'తాళం లోపల పడిపోయింది, ఫోనూ మందూ అన్నీ లోపలే, ఎవరో పెద్దాయన ఫోనిచ్చాడు, ఇంకో తాళం వీరాస్వామితో పంపించు' అన్నారు. పన్నెండుంబావుకి వీరాస్వామి ఇంటికొచ్చి తీసుకెళ్ళాడు. సాయంత్రం అయిదున్నరకి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'సారు అక్కడ లేరమ్మా, నేనెళ్ళేసరికే లేరు' అన్నాడు. రాత్రంతా..."

వీరాస్వామి పక్కనే ఉన్నాడు. ముప్పయ్యయిదేళ్ళుంటాయి. బాలకృష్ణ దగ్గర పన్నెండేళ్ళ నుంచీ కొలతల గొలుసు పట్టుకునే అసిస్టెంటు. ఈ పొద్దున రాధారాణిని బండి మీద తీసుకొచ్చింది కూడా అతనే. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఏడుపో, నిద్ర లేకపోవడమో హెలెన్ తేల్చుకోలేకపోయింది.

"నువ్వు ఇక్కడికి ఎన్నింటికి చేరావ్ వీరాస్వామీ?"

"ఒకటీ నలభై అయిదండి."

"అంత కచ్చితంగానా?"

"ఫోన్లో చూసుకున్నానండి. సారు రెండింటికల్లా మందేసుకోవాలి కదండీ."

"సారు లేరు. మరి కారు తెరిచావా?"

"లేదండి. సారే లేనప్పుడు నేనెందుకు ముట్టుకుంటానండి? పది నిమిషాలు కేకలేశాను. రేపల్లె బస్టాండులో వెతికి, బాపట్ల వెళ్ళిపోయానండి."

"బస్టాండులో ఎవర్నడిగావ్?"

వీరాస్వామి నీళ్ళు నమిలాడు. "అంటే... అడగలేదండి. చూశానంతే."

హెలెన్ పాయవైపు నడిచింది.

ఒడ్డున, వేళ్ళకి కట్టేసిన చిన్న నాటుపడవ పక్కన ముసలి జాలరి ఒకడు చుట్ట పీలుస్తూ కూర్చున్నాడు. నిన్న ఫోనిచ్చిన పోలయ్య అతనే. పోలీసులు తెల్లారేసరికి పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. తెల్లారుగట్ల పోటు మీద ఒడ్డుకి వచ్చిన పడవ కాస్తా నీళ్ళు తీసెయ్యడంతో ఇప్పుడు బురదలో ఓ పక్కకి ఒరిగి ఉంది.

"బాబాయ్, నిన్న ఆ సారు ఫోనడిగినప్పుడు పాయ ఎలా ఉంది?"

పోలయ్య తలెత్తి చూశాడు. పొద్దుట్నించీ తనని అడిగిన ప్రశ్నల్లో ఇదొక్కటే బుద్ధున్న ప్రశ్న అన్నట్టు మొహం విప్పాడు. "పూర్తిగా పాటు మీదుందమ్మా. నీళ్ళు నడిమజ్జలో మోకాల్లోతు కూడా లేవు. నేను మండపీతలకని బురదలో దిగున్నా."

"పాటంట, పోటంట!" వెనకే వచ్చిన జగన్నాథరావు విసుక్కున్నాడు. "గడియారం టైము చెప్పవయ్యా."

"ఫోన్లో పదకొండూ ఇరవై ఉంది కదా సార్. ఈ బాబాయి లెక్క దానికంటే నిక్కచ్చి. చెప్పు బాబాయ్, మళ్ళీ నీళ్ళెప్పుడొచ్చాయి?"

"మజ్జానం రెండు దాటాక తిరిగినియ్యమ్మా. ఈ ఒడ్డు తగలాలంటే మూడవ్వాలి. అయిదింటికి నిండుపోటు. ఇయ్యాల ఇంకో ముప్పావుగంట ఆలీసం."

"సారు ఎలా ఉన్నాడు?"

"కంగారు పడతన్నాడు. కర్రతో అద్దం పగలగొడదామా బాబూ అన్నా. 'వద్దు పెద్దాయనా, మా వీరాస్వామి తాళం తెచ్చేస్తాడు, రెండింటిలోపు మందు పడితే చాలు' అన్నాడు. నా నీళ్ళసీసా ఇచ్చి నేను కిందికి పోయా. అంతేనమ్మా, గంగమ్మ మీదొట్టు."

"చూశారా," అన్నాడు సి.ఐ. "రెండు దాకా ఆగలేకపోయాడు. దాహమేసింది, పాయలోకి దిగాడు."

"ఉప్పునీళ్ళు తాగడానికా సార్?"

జగన్నాథరావు మొహం మాడ్చుకున్నాడు. "మరి ఆ చెప్పులకేమంటారు? ఒడ్డున విప్పి నీళ్ళలోకి దిగినట్టు గుడ్డివాడిక్కూడా తెలుస్తోంది!"

చెప్పులు అక్కడే ఉన్నాయి. చుట్టూ నాలుగు కర్రలు పాతి పోలీసులు తాడు కట్టారు. మడచెట్టు మొదట్లో, ఒడ్డు మీద, పోటు నీళ్ళు తగలని ఎత్తులో, గోధుమరంగు తోలు చెప్పులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. గుడి మెట్ల దగ్గర విప్పినంత పద్ధతిగా ఉన్నాయి. హెలెన్ వంగి చూసింది. వాటి ముందున్న బురదలోంచి గుప్పెడు గుప్పెడు మడవేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకుని ఉన్నాయి. ఈ వేళ్ళ మధ్య పన్నెండేళ్ళుగా తిరుగుతున్న సర్వేయరు ఉత్తికాళ్ళతో దిగుతాడా? ఇంటి వాకిట్లో కూడా చెప్పుల్లేకుండా అడుగేయడాయన, షుగరు మనిషి, కాలికి గీత పడితే ఆర్నెల్లు మానదు, అని రాత్రి ఫోన్లో రాధారాణే చెప్పింది.

మరెందుకు విప్పాడు?

అటువైపు గట్టు ఇక్కణ్ణుంచి కనపడటం లేదు. కాస్త ఎత్తెక్కి చూద్దామని హెలెన్ పోలయ్య పడవ అంచు మీద కాలు పెట్టింది.

"అమ్మా! చెప్పులమ్మా! చెప్పులు!"

పోలయ్య అరిచిన అరుపుకి ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉలిక్కిపడ్డారు. హెలెన్ కాలు గాల్లోనే ఆగిపోయింది. ముసలాయన చుట్ట పారేసి పరిగెత్తుకొచ్చి, ఆవిడ బూటు తగిలిన చోట తుండుగుడ్డతో తుడిచి కళ్ళకద్దుకున్నాడు. "తప్పుగా అనుకోబాకండమ్మా. మా తల్లి ఇది. కలకటేరైనా సరే చెప్పులు ఒడ్డునిడిచే ఎక్కాలి."

"ఎవరి పడవైనా అంతేనా బాబాయ్?"

"అంతేనమ్మా. ఇంజను బోటైనా అంతే. దొంగోణ్ణి ఎక్కించుకున్నా ముందు చెప్పులిడవమంటాం."

హెలెన్ కాలు నెమ్మదిగా కిందికి దించింది. చెప్పుల్ని చూసింది, పాయని చూసింది, మళ్ళీ చెప్పుల్ని చూసింది.

"చెప్పులు ఎక్కడ విప్పుతారు బాబాయ్? పడవ నడిమధ్యలో ఉంటే ఇక్కడ ఒడ్డునే విప్పేసి, బురదలో ఉత్తికాళ్ళతో నడిచెళ్తారా?"

"ఎందుకమ్మా ఆ బాధ! పడవ దాకా తొడుక్కునే పోతారు. ఎక్కేముందు ఇప్పుతారు."

"జగన్నాథరావు గారూ, బాలకృష్ణ నీళ్ళలో దిగలేదు. పడవెక్కాడు," అంది హెలెన్. మాట నిదానంగానే ఉందిగానీ వేళ్ళు మాత్రం నోటుపుస్తకం అంచుని నలిపేస్తున్నాయి. "చెప్పులు ఒడ్డు మీదున్నాయి కాబట్టి పడవ ఒడ్డుకి తగిలింది. పడవ ఒడ్డుకి తగలాలంటే పాయలో నీళ్ళుండాలి. నీళ్ళు మూడింటికిగానీ రాలేదు. అంటే మూడు దాకా ఆయన ఇక్కడే, ఈ కారు పక్కనే, తాళం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు."

సి.ఐ. వీరాస్వామివైపు తిరిగాడు. "అయితే? ఒకటీ నలభై అయిదుకి వీడొస్తే..."

"ఆ 'అయితే' దగ్గరికే వస్తున్నాను. ముందు కారు తెరుద్దాం."

"నా పర్మిషన్ లేకుండా సీన్‌లో చెయ్యి పెట్టారంటే మీ మీద కేసు కడతాను! లారీ కేసులో ఆడిన ఆటలు ఇక్కడ కుదరవు."

"కట్టండి. నా పేరు తెలుసుగా, స్పెల్లింగు కూడా చెప్తాను. కానీ ముందు కారు తెరుద్దాం."

ఇద్దరూ ఒకరి మీదొకరు అరుచుకుంటుండగానే వెనక తాళం తిరిగిన చప్పుడైంది. రాధారాణి! ఎవర్నీ అడగలేదు. హ్యాండుబ్యాగులోంచి తాళం తీసి, సొంత కారు తలుపు సొంతంగా తీసింది. "నా కారు ఇది సార్. రిజిస్ట్రేషన్ నా పేరు మీదుంది. కేసు నా మీద కట్టండి," అంది. పిల్లల్ని అదిలించే గొంతు అది. జగన్నాథరావు అంతటివాడూ ఒకడుగు వెనక్కి వేశాడు.

ఫ్లాస్కు మూత తిప్పింది రాధారాణి. ఐసు ఎప్పుడో కరిగిపోయింది. నీళ్ళలో ప్లాస్టిక్కు కవరు. కవర్లో ఒక ఇన్సులిన్ పెన్ను.

"రెండు పెట్టాను," అంది వెంటనే. "ఒకటి అన్నం ముందు వేసుకునేది, ఒకటి రాత్రిది. అన్నం ముందుది లేదు."

"జేబులో పెట్టుకెళ్ళుంటాడు," అన్నాడు సి.ఐ.

"ఎప్పుడు సార్?" హెలెన్ గిర్రున తిరిగింది. "పదకొండూ ఇరవైకి 'మందు లోపలుంది' అని పెళ్ళానికి చెప్పాడు. బాబాయికీ చెప్పాడు. అద్దం పగల్లేదు, తలుపు మీద గీత లేదు. అంటే ఆ తర్వాత ఎవరో తాళంతో ఈ కారు తెరిచారు, పెన్ను తీశారు, మళ్ళీ లాకు చేశారు. ఒక తాళం ఆ బెజ్జంలోంచి కదల్లేదు. రెండోది పన్నెండుంబావు నుంచి అయిదున్నర దాకా ఎవరి జేబులో ఉంది?"

అందరూ ఒకేసారి అటు చూశారు.

వీరాస్వామి పారిపోలేదు. పారిపోవడానికి చోటు కూడా లేదు. కారు చక్రం పక్కన చతికిలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

"సారు బతికే ఉన్నారండి," అన్నాడు నేలకేసి చూస్తూ. "నేను మందు కూడా పంపించానండి."

రాధారాణి ఒక్క అంగలో అతని దగ్గరికెళ్ళి చొక్కా పట్టుకుంది. "ఎక్కడరా? ఎక్కడున్నారు? నా చేత్తో అన్నం పెట్టాను కదరా నీకు!"

హెలెన్ ఆవిడ చేతిని మెల్లగా విడిపించింది. తనకీ వాణ్ణి రెండు పీకాలనే ఉంది. కానీ ఇప్పుడు అంత తీరిక లేదు. "తొందరగా చెప్పు. ఏడుపు తర్వాత."

చెప్పాడు. పాయ అవతల చెరువులన్నీ హనుమయ్యవి. బాలకృష్ణ గీత గీస్తే అందులో సగం అడవిలోకి పోతాయి. వీరాస్వామి తమ్ముడు ఆ చెరువుల మీద కాపలా పని చేసుకుని బతుకుతున్నాడు. నెల్లాళ్ళనుంచీ హనుమయ్య వీరాస్వామి వెంట పడ్డాడు, మీ సారు ప్లాను కోర్టుకి ఎక్కకూడదని. రేపే వాయిదా. నిన్న మధ్యాహ్నం తాళం చేతికి రాగానే వీరాస్వామికి బుద్ధి గడ్డి తింది. బాపట్లలోంచే హనుమయ్యకి ఫోను కొట్టాడు. సారు ఒంటరిగా ఉన్నాడు, ఫోను లేదు, కారు లేదు.

"తాళం ఇంట్లో కనపళ్ళేదని చెప్పానండి సారుకి. బండి గట్టు మీద పంక్చరైందన్నాను. పోటు రాగానే బోటు పిలిపిస్తా, అరగంటలో నిజాంపట్నంలో మందులషాపు కాడ దిగొచ్చన్నాను. అద్దం పగలగొడదామంటే, ఎండకి మందు చెడిపోయుంటుందన్నాను. పాపం నమ్మేశారండి. మూడూ పదికి హనుమయ్య బోటొచ్చింది. శివ అని, వాళ్ళ బోటు నడిపేవాడు. సారు నా భుజం పట్టుకుని చెప్పులిడిచి ఎక్కారండి." వీరాస్వామి ముక్కు తుడుచుకున్నాడు. "రెండ్రోజులు పాయ దిగువన దిబ్బ మీద షెడ్డులో ఉంచి, వాయిదా దాటాక దింపేస్తామన్నాడండి హనుమయ్య. సారుకి ఏమైనా అయితే నా వల్ల కాదని, సారు చూడకుండా కారు తీసి ఆ పెన్ను శివకిచ్చాను. ప్లాను ఫైలు కూడా ఇచ్చేశాను. మళ్ళీ లాకేశాను."

"చెప్పులు అక్కడే వదిలేశావే?" అడిగాడు సి.ఐ., గొంతులో ఇదివరకటి బిగువు లేకుండా.

వీరాస్వామి బిత్తరపోయి చూశాడు. "బోటెక్కితే చెప్పులు ఒడ్డునే కదండీ ఉంటాయి." అదొక ఆధారం అవుతుందని అతనికి ఇప్పటికీ తట్టలేదు.

హెలెన్ ఆ మాట వినడం లేదు. ఆవిడ కళ్ళు డ్యాష్‌బోర్డు మీదున్నాయి. కళ్ళజోడు డబ్బా పక్కన బోర్లించి ఉన్న ఆ చిన్న అట్టపెట్టె. ఇందాక అద్దంలోంచి చూసి, చూసీ చూడనట్టు వదిలేసిన పెట్టె. అమ్మ కమలమ్మకి రోజూ తనే ఇన్సులిన్ పొడుస్తుంది. ఇంట్లో ఫ్రిజ్జు మీద అచ్చం ఇలాంటిదే ఉంటుంది. తన తల తనే గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

చెయ్యి పెట్టి తీసి తిప్పింది. "రాధారాణి గారూ, సూదులు ఫ్లాస్కులో పెట్టరా?"

"లేదండి. నీళ్ళు తగిలి కవర్లు తడుస్తాయని విడిగా పెట్టుకుంటారు. ఎప్పుడూ ముందే..." రాధారాణి డ్యాష్‌బోర్డు వైపు చూసింది.

"వీరాస్వామీ! పెన్నుతోపాటు సూది ఇచ్చావా?"

"సూదేంటండి? పెన్నులోనే ఉంటది కదండీ."

"పన్నెండేళ్ళు ఆయన పక్కన తిరిగావు కదరా! ఎప్పుడూ చూళ్ళేదా?"

"సారు కార్లో తలుపేసుకుని వేసుకుంటారండి. ఎవర్నీ చూడనివ్వరు. సిగ్గుపడతారండి."

పెన్నుకి చివర సూది బిగిస్తేగానీ చుక్క మందు రాదు. పెన్ను దిబ్బ మీదుంది. సూదులు హెలెన్ చేతిలో ఉన్నాయి. మందు చేతిలో పెట్టుకుని మందు లేకుండా ఒక మనిషి పందొమ్మిది గంటలనుంచీ అక్కడ కూర్చున్నాడు.

అప్పుడే వీరాస్వామి జేబులో ఫోను మోగింది. తెర మీద 'శివ బోటు' అని పేరు. హెలెన్ లాక్కుని స్పీకరు నొక్కి, మాట్లాడమని వీరాస్వామికి సైగ చేసింది.

"ఆఁ... చెప్పు శివా."

"వీరాసామీ, మీ సారు సంగతి బాలేదురా." గొంతు వణుకుతోంది. "రాత్రంతా నీళ్ళు, నీళ్ళు అన్నాడు. తెల్లారి వాంతులు. ఇప్పుడు పిలిస్తే పలకట్లేదు, పెద్ద పెద్దగా ఊపిరి తీస్తన్నాడు. హనుమయ్య గారికి ఫోన్ చేశా. 'పావుతక్కువ నాలుగింటికి పోటు మీద నేనే బోటేసుకొస్తా, ఈలోపు పోతే మరీ మంచిది, మొగలో వదిలేద్దాం, కారు లాకై తిరుగుతా పడిపోయాడనుకుంటారు' అంటున్నాడు. నేను ఇలాంటివాటికి ఒప్పుకోలేదురా. నాకు భయమేస్తాంది."

హెలెన్ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "శివా, నేను హెలెన్‌ని. పక్కన పోలీసులున్నారు. నువ్వు భయపడకు, నేను చెప్పినట్టు చెయ్యి. ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టు. తెలివి లేనప్పుడు నోట్లో ఏమీ పొయ్యకు. అక్కణ్ణుంచి కదలకు. మేం వస్తున్నాం."

అవతల చిన్నగా ఏడుపు, ఆ తర్వాత, "తొందరగా రండమ్మా."

టైము పదిన్నర. జగన్నాథరావు అప్పటికే కానిస్టేబుళ్ళ మీద కేకలేస్తున్నాడు. "మొగలో ఉన్న మన బోటు వెనక్కి రమ్మను! అంబులెన్సుని గట్టు మీదికి పిలిపించు! హనుమయ్య ఇంటికి ఎస్సైని పంపు!"

"బోటు రాదు బాబూ," అన్నాడు పోలయ్య. "పాయ ఎండిపోతంది. పడవలన్నీ బురద మీదే. పావుతక్కువ నాలుగు దాకా ఏ బోటూ రాదు, ఏ బోటూ పోదు."

"మరి దిబ్బకెలా?"

"నీళ్ళు లేవు కాబట్టి నడిచే పోవాల. ముప్పావుగంట. రెండు చోట్ల నడుము దాకా దిగబడుద్ది. నేను ముందు నడుస్తా, నా అడుగులో అడుగెయ్యాల. ఆలీసమైతే పోటు అందుకుంటది."

మామూలుగా ఇలాంటప్పుడు జగన్నాథరావు ఎవర్నో ఒకర్ని పంపిస్తాడు. ఈసారి వంగి ప్యాంటు మడుచుకున్నాడు. "నేనూ వస్తున్నాను," అన్నాడు హెలెన్ మొహంలోకి చూడకుండా. హెలెన్‌కి అనాలంటే చాలా ఉంది, తర్వాత చూసుకోవచ్చు.

సూదుల పెట్టెని రెండు ప్లాస్టిక్కు కవర్లలో చుట్టి రవికలో దోపుకుంది హెలెన్. ఒడ్డు దగ్గర ఆగి, "బూట్లు విప్పనా బాబాయ్?" అనడిగింది.

"వద్దమ్మా. ఇది పడవ కాదుగా. వేళ్ళు చీల్చేస్తాయి, బిగించి కట్టుకోండి."

అంతలో వెనక తాడు తెగిన చప్పుడైంది. రాధారాణి పోలీసుల కర్రల మధ్యకి దూరి, మడచెట్టు మొదట్లోని ఆ చెప్పుల జత తీసుకుంటోంది.

"అమ్మా, అది ఎవిడెన్సు! ముట్టుకోకూడదు!" కానిస్టేబులు అరిచాడు.

రాధారాణి వినిపించుకోలేదు. చెప్పులకంటిన మట్టి కొంగుతో తుడిచి, రెండూ హ్యాండుబ్యాగులో పెట్టుకుని, జిప్పు లాగింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపుకుని వచ్చి హెలెన్ వెనక నిలబడింది.

"వచ్చేటప్పుడు ఈ వేళ్ళల్లో ఆయన ఉత్తికాళ్ళతో ఎలా నడుస్తారండి?" అంది. "పదండి."